ముందు ఎక్కించినవాళ్ళదే పేపరు

సింగపూర్‌లో ఒక పెద్ద విశ్వవిద్యాలయాన్ని కాగితాల్లోంచి లాగి కంప్యూటర్లో పడేసింది నేనేనని చాలాకాలం చెప్పుకు తిరిగాను. పెళ్ళి విందుల్లో చెప్పాను, ఉగాది సభల్లో చెప్పాను, విమానంలో పక్కసీటాయన నిద్ర నటిస్తున్నా వదలకుండా చెప్పాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, మెడలో కార్డు వేసుకుని సిస్టమ్ ఎనలిస్టులమని తిరిగేవాళ్ళు, నా అనుభవాలు రాసిపెట్టమన్నారు. కూర్చుని రాయబోతే నోటితో చెప్పినంత హాయిగా లేదు. నోటిమాటను ఎవరూ వెనక్కి తిప్పి చూడరు, కాగితాన్ని చూస్తారు. కాబట్టి ముందే దిద్దుకుంటున్నాను. మార్చింది విశ్వవిద్యాలయాన్ని కాదు, అందులో ఒక్క ఫారాన్ని. మార్చింది నేనొక్కణ్ణే కాదు, ఆరుగురం. ఆ ఆరుగురిలో పెద్దని కూడా నేను కాదు.

ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయను. మీకూ వస్తాయి. రాకపోతే నాలుగు రోజులు బాధపడి ఊరుకుంటారు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల ఉద్యోగం పోగొట్టుకోబోయిన ఒకమ్మాయి గురించి, దాన్ని పట్టుకున్న ఒక ఆఫీసు కార్యదర్శి గురించి, ఆ తప్పుని తన నెత్తిన వేసుకున్న ఒక పెద్దమనిషి గురించి రాస్తాను. నాకు పని నేర్పింది వాళ్ళు ముగ్గురే.

నన్ను ఎందుకు తీసుకున్నారు

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న గండం గడిచిన కొత్త రోజులవి. తెలుగువాడై ఉండి కీబోర్డు ముట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు వీసా పట్టుకుని ఎదురొచ్చేవారు. సెంబవాంగ్‌లో ఒక ఫ్లాట్లో అయిదుగురం ఉండేవాళ్ళం. పొద్దున్నే ఒకే బాత్రూమ్ కోసం వరస కట్టి, ఒకే ట్రైన్‌లో తలో దిక్కుకీ పోయేవాళ్ళం.

ఇంటర్వ్యూలో వెబ్ సిస్టములు తెలుసా అని అడిగితే వాటితోనే పుట్టినట్టు తలూపాను. అప్పటికి నేను సొంతంగా కట్టినవి రెండు. ఒకటి మా భీమవరం వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీకి హాజరు పట్టీ. రెండోది ఆ హాజరు పట్టీకి మరమ్మతు.

నన్ను తీసుకున్నది సెల్వం గారు. తాతల కాలం నుంచి సింగపూర్‌లో పాతుకున్న తమిళ కుటుంబం వాళ్ళది. విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్లో మా విభాగానికి ఆయనే పెద్ద. నాకేమీ రాదని తెలిసే తీసుకున్నానని, అన్నీ తెలిసినవాళ్ళు అడగడం మానేస్తారని ఆయన అన్నట్టు నేను ప్రచారం చేశాను. ఆ మాట నేనే కట్టి ఆయనకి అంటగట్టాను. నన్నెందుకు తీసుకున్నారని అడిగితే ఆయన నిజంగా అన్నది వేరు. "ఆ రోజు ఇంకెవరూ రాలేదు మూర్తీ."

గులాబీరంగు ఫారం

పని చెప్తాను, సులువుగానే అర్థమవుతుంది. ప్రతి అధ్యాపకుడూ ఏడాదికోసారి తానేం చేశాడో చెప్పుకోవాలి. ఏ తరగతులకు పాఠం చెప్పాడు, ఎవరి పరిశోధనకు దారి చూపాడు, ఏ పేపర్లు రాశాడు, ఏ కమిటీల్లో కూర్చున్నాడు. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని చూసే కమిటీ ముందు ఉండేది ఆ ఒక్క రిపోర్టే. అంతవరకూ దానికో గులాబీరంగు ఫారం ఉండేది, మూడు ప్రతులు. ఏ విభాగానికి ఆ విభాగం కార్యదర్శి టైపు చేసి పంపేది. ఇకమీదట ఎవరిది వాళ్ళు కంప్యూటర్లో ఎక్కించుకోవాలి, మా సిస్టమ్ రిపోర్టు అచ్చు వేయాలి.

సివిల్ ఇంజనీరింగ్ విభాగంలో ఆ ఫారాలు టైపు చేసే ఆవిడ మేడమ్ చువా. యాభై దాటిన చైనీస్ మనిషి. ఏసీ చలికి భుజాల మీద ఎప్పుడూ ఒక ఊలు కోటు. చేతికొచ్చిన ఏ కాగితాన్నయినా చివరి అక్షరం దాకా చదివేది, బిస్కట్ పొట్లం మీద ముద్రించింది కూడా. ఇరవై ఏళ్ళుగా ఆ విభాగం పేపర్లన్నీ టైపు చేసి చేసి, రాత చూసి మనిషిని చెప్పేది.

సెల్వం గారు నన్ను పిలిచి, ప్రోగ్రాములో ఒక్క లైను రాయకముందు వెళ్ళి ఆవిడ గదిలో అయిదు రోజులు కూర్చోమన్నారు. ఏమీ అడగొద్దన్నారు. ఎవరు ఎవరి చేతికి ఏం ఇస్తున్నారో చూస్తే చాలన్నారు.

అయిదు రోజులు కూర్చున్నానని నివేదికలో రాశాను. కూర్చున్నది రెండు రోజులు. మొదటి రోజు ఫారాలు వచ్చాయి, పోయాయి. రెండో రోజు మధ్యాహ్నం కళ్ళు మూతలు పడ్డాయి. మూడో రోజు నుంచి కింద తిండి కొట్ల హాకర్ సెంటర్లో కూర్చుని, కోపీ అని వాళ్ళనే కాఫీ తాగుతూ, చూడని మూడు రోజుల సంగతీ చూసినదానికంటే బాగా రాశాను. సెల్వం గారు చదివి మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకేమీ గుచ్చుకోలేదని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

హాకర్ సెంటర్లో పుట్టిన నియమం

మాకో చిక్కు ఉండేది. ముగ్గురు కలిసి ఒక పేపరు రాస్తారు. ముగ్గురూ ఎక్కిస్తే ఒక్క పేపరు మూడై, విశ్వవిద్యాలయం రాసిన పేపర్ల జాబితా ఉబ్బిపోతుంది. పై అధికారులకి ఆ ఉబ్బు వద్దు.

పరిష్కారం నాకు హాకర్ సెంటర్లోనే దొరికింది. అక్కడ భోజనం తెచ్చుకోబోయేముందు బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం పెట్టి వెళ్తారు. ఇక ఆ చోటు వాళ్ళదే. ఎంతటివాడొచ్చినా ఆ పొట్లాన్ని జరపడు. దాన్ని చోప్ చేయడమంటారు. కాపలా లేదు, చీటీ లేదు, తగువు లేదు. మనూళ్ళో బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసి ఎన్ని కొట్లాటలు చూశానో, ఈ పొట్లాన్ని చూసి అంత ముచ్చటపడ్డాను.

అదే పెట్టాను. ఏ పేపరునైనా ముందు ఎక్కించినవాళ్ళది ఆ పేపరు. తర్వాత వచ్చినవాళ్ళకి తెర మీద ఒక మాట కనబడుతుంది: "ఈ పేపరు ఇప్పటికే నమోదైంది. ధన్యవాదాలు." ఆ ధన్యవాదాలు నా సొంత కవిత్వం. మీటింగులో టిష్యూ పొట్లం బల్లమీద పెట్టి మరీ వివరించాను. అందరూ నవ్వారు, ఒప్పుకున్నారు.

నా బుర్రకి తట్టనిది ఒక్కటే. హాకర్ సెంటర్లో ఒకరు పొట్లం పెడితే ముగ్గురూ కూర్చుని తింటారు. నా సిస్టమ్‌లో పొట్లం పెట్టినవాడే తిన్నాడు. ముందు ఎక్కించినవాళ్ళ రిపోర్టులోనే ఆ పేపరు అచ్చయింది, మిగతావాళ్ళ రిపోర్టుల్లో ఆ చోట తెల్లకాగితం. పరీక్షించి చూడలేదా అంటే చూశాను. మొదటి రచయిత మూర్తి, రెండో రచయిత మూర్తి. ఇద్దరు మూర్తులూ తృప్తిగానే ఉన్నారు.

ప్రారంభోత్సవానికి ఒక పెద్దాయన వచ్చి మౌస్ నొక్కారు. ఆ తర్వాత నెలా పదిహేను రోజులు అధ్యాపకులు ఎక్కించుకున్నారు, తిట్టుకున్నారు. ఒక ముసలి ప్రొఫెసరు ఫోన్ చేసి, ఈ ఏడు ఎక్కువగా ఆలోచించానయ్యా, దానికి గడి లేదేం అని అడిగాడు. ఇంకొకాయన ఇతర సేవల కింద వరండాలో మొక్కలకు నీళ్ళు పోశానని రాశాడు. ఇలాంటివే వచ్చాయి తప్ప, పేపరు కనబడలేదని ఒక్కరూ అనలేదు. అంటే అంతా బాగున్నట్టే కదా అనుకున్నాను. ఫిర్యాదు రాకపోవడాన్ని నమ్మకండి. నోరున్నవాళ్ళే ఫిర్యాదు చేస్తారు.

ఫర్జానా

డాక్టర్ ఫర్జానా హైదరాబాదీ అమ్మాయి, అదే సివిల్ విభాగంలో లెక్చరరు. క్యాంటీన్లో నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని తనే వచ్చి పలకరించింది. అప్పటినుంచి నేను అన్నని. బంకమట్టి మీద ఆమె పరిశోధన. క్రాంజీ వైపు పొలాల్లో దిగి, బురద సంచుల్లో నింపుకుని బస్సులో తెచ్చేది. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోతారని నవ్వేది.

ఆ ఏడుతో ఆమె కాంట్రాక్టు తీరిపోతోంది. భర్త యూసుఫ్ హైదరాబాదులో ఉద్యోగం మానుకుని ఆమె వెంట వచ్చాడు. జురాంగ్ వెస్ట్‌లో అద్దె ఫ్లాటు, ఇద్దరు పిల్లలూ అక్కడి బడిలోనే. నలుగురూ ఆ దేశంలో ఉన్నది ఆమె ఉద్యోగానికిచ్చిన పాస్ మీద.

"ఈసారి రెన్యూ గాకపోతే నెల రోజుల్ల సామాను సదురుకోవాలె అన్నా. పిల్లలకైతే ఇంకా చెప్పలే," అంది ఒకరోజు, టీ కప్పులో చూస్తూ.

నేనేమన్నానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గు. "నా సిస్టమ్ ఉండగా నీకేం భయం తల్లీ. చేసిన పనంతా అద్దంలో చూపించినట్టు చూపిస్తుంది," అన్నాను.

ఆమె పేపర్లన్నీ ప్రొఫెసర్ ఓంగ్‌తో కలిసి రాసినవే. ప్రయోగం ఆమెది, రాత ఆమెది, దిద్దుబాటు ఆయనది. ఆయన మంచివాడు. కంప్యూటర్ అంటే మాత్రం దూరం. తన జాబితా మేడమ్ చువా బల్లమీద పెట్టి ఎక్కించమన్నాడు. గడువు ఇంకా వారం ఉందనగా ఆవిడ ఎక్కించింది. అంతవరకూ ఫర్జానా ఆగింది. తన గురువు ఎక్కించకముందు ఆయన పేరున్న పేపరుని తను ఎక్కించడం మర్యాద కాదనుకుంది. తర్వాతి రోజు తను ఎక్కించబోతే ఇప్పటికే నమోదైంది, ధన్యవాదాలు అని వచ్చింది. పని అయిపోయిందని తెర మూసి ఇంటికి వెళ్ళింది.

గురువారం పొద్దున

బుధవారం రిపోర్టులు అచ్చయి కమిటీకి చేరాయి. విభాగానికొక ప్రతి వెళ్ళింది. శుక్రవారం మధ్యాహ్నం కమిటీ.

ఈ తప్పుని నేనే కనిపెట్టానని, అనుమానం వచ్చి అంకెలన్నీ తిరగేశానని మీలో కొందరితో చెప్పినట్టు గుర్తు. మర్చిపోండి. గురువారం పొద్దున నేను పేపర్లో క్రికెట్ వార్త చదువుతున్నాను. మేడమ్ చువా వానలో గొడుగేసుకుని వాళ్ళ బ్లాకు నుంచి మా బ్లాకు దాకా నడిచొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరులో ఒకే ఒక్క కాగితం.

"మిస్టర్ మూర్తి, డాక్టర్ ఫర్జానా ఈ ఏడు పేపరే రాయలేదా?"

సిస్టమ్‌లో లేదంటే రాయలేదనే అర్థమన్నాను. ఆ బంకమట్టి పేపర్లు తానే టైపు చేశానంది. కాగితం నిండా ఉన్నది ఫర్జానా చేతిరాత, ప్రొఫెసర్ గారి రాత అంచుల్లో మాత్రం అక్కడక్కడా ఉందంది. మనుషులు మర్చిపోతారు గాని కంప్యూటర్ మర్చిపోదు మేడమ్ అని నేనొక ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆవిడ వాదించలేదు. ఎదురు కుర్చీలో కూర్చుని గొడుగు కిందపెట్టింది.

"ఓకే లా," అంది అక్కడి యాసలో. "ఎక్కించి చూపించు."

ఫర్జానా పేరుతో సిస్టమ్ తెరిచి ఒక పేపరు ఎక్కించబోయాను. నా కవిత్వం తెరమీదకొచ్చింది. మేడమ్ చువా అలవాటు ప్రకారం చివరిదాకా చదివింది. తర్వాత ఆఖరి మాట మీద వేలు పెట్టింది.

"ఎవరికి ధన్యవాదాలు?"

అప్పటికి అర్థమైంది. ఒక దారి వెంటనే తోచింది, మీకూ తోచేదే. లోపలినుంచి ఫర్జానా రిపోర్టొక్కటీ దిద్ది, కొత్తది అచ్చు తీసి, కమిటీ ఫైల్లో పాతదాని చోట పెట్టించేస్తే సరి. పది నిమిషాల పని. మూడో కంటికి తెలియదు. ఆవిడతో అదే అన్నాను.

"గుడ్," అంది. "మిగతావాళ్ళకి?"

మిగతావాళ్ళెవరన్నాను.

"పెద్దవాళ్ళ కోసం ఆగినవాళ్ళు. అన్ని విభాగాల్లోనూ ఉంటారు. నువ్వు మా గదిలో మూడో రోజు కూడా కూర్చుని ఉంటే చూసేవాడివి. ముందు ప్రొఫెసర్లు జాబితా ఇస్తారు. చిన్నవాళ్ళు తలుపు దగ్గర నిలబడి, వాళ్ళు వెళ్ళాక లోపలికి వస్తారు. ఇరవై ఏళ్ళుగా అంతే."

నేను మూడో రోజు రాలేదని ఆవిడకి తెలుసు. ఇన్ని నెలలూ ఎవరికీ చెప్పలేదు.

ఫర్జానాకి ఫోన్ చేశాను. క్రాంజీలో ఉంది, వెనక లారీల చప్పుడు. సంగతి చెప్పాను.

"ఎక్కింది అని అన్నది గద అన్నా. మా సార్ ఎక్కిచ్చిన్రు, నాది గూడ ఎక్కినట్టే అనుకున్న." ఆ వెంటనే అడిగింది, "రేపటి మీటింగ్ ఆగుతదా?"

ఆగుతుందన్నాను. ఆ రోజుల్లో లిఫ్టుని ఆపే అధికారం కూడా నాకు లేదు.

రెండు ప్రశ్నలు

సెల్వం గారి గదిలోకి ఇద్దరం వెళ్ళాం. నేను మూడు వాక్యాల్లో చెప్పాల్సింది ముప్పై వాక్యాల్లో చెప్పాను. అందులో నెట్‌వర్కునీ, గడువు తక్కువైందనీ, పై అధికారుల తొందరనీ కలిపాను. ఆయన కోపీ చల్లారేదాకా విన్నారు.

"ఎన్ని రిపోర్టులు తప్పు?"

"తెలీదు సార్."

"అయితే అన్నీ తప్పే."

తర్వాత రెండో ప్రశ్న. "అక్కడ ఎన్ని రోజులు కూర్చున్నావు?"

అయిదు అనే మాట నాలుక చివరికి వచ్చింది. నా నివేదిక ఆయన బీరువాలోనే ఉంది, అందులో అయిదనే ఉంది. మేడమ్ చువా నా పక్కనే నిలబడి గోడమీద క్యాలెండర్‌ని శ్రద్ధగా చదువుతోంది. నేను అబద్ధమాడినా ఆవిడ కాదనదు. అది తెలిశాక ఆడలేకపోయాను.

"రెండు," అన్నాను.

ఆయన ఫోన్ తీసి, కమిటీకి వెళ్ళిన రిపోర్టులన్నీ తప్పు, ఒక్కటి కూడా చూడొద్దు, వెనక్కి పంపేయండని చెప్పారు. అవతలివాళ్ళు ఏమన్నారో వినబడలేదు గాని ఆయన మూడుసార్లు అదే మాట అన్నారు, గొంతు పెంచకుండా. రెండు నెలల కిందట ప్రారంభోత్సవంలో పొగిడించుకున్న సిస్టమ్ అది. దాని మొట్టమొదటి ఫలితాన్ని చెత్త అని ఆయనే చెప్పుకున్నారు.

ఆ సాయంత్రం పైవాళ్ళ ముందు సంజాయిషీ. ఈ నియమం ఎవరు పెట్టారని అడిగారు. నేను లేచి నిలబడి తప్పు నాదే అన్నానని మా ఆవిడతో సహా అందరికీ చెప్పాను. లేవలేదు. బూట్ల లేసులు చూసుకుంటున్నాను. లేచింది సెల్వం గారు.

"నా విభాగం పెట్టింది. నేను సంతకం చేశాను. రెండు వారాలివ్వండి," అన్నారు.

రెండు వారాలిచ్చారు. కమిటీ వాయిదా పడింది. ఇన్నేళ్ళలో చాలామంది బాసుల్ని చూశాను. తప్పు కింది మెట్టు మీద ఆగేలా చూసుకునేవాళ్ళే ఎక్కువ. ఆయన తర్వాతైనా నన్ను పిలిచి చీవాట్లు పెడతారనుకున్నాను. పెట్టలేదు. మర్నాడు మేడమ్ చువా గదిలో నాకొక కుర్చీ వేయించారు, అంతే.

మళ్ళీ కూర్చోవడం

ఈసారి రెండు వారాలూ కూర్చున్నాను. దీన్లో అతిశయోక్తి లేదు, కావాలంటే నా నడుముని అడగండి. పేపరు ఒక్కసారే నమోదవుతుంది, రాసినవాళ్ళందరి రిపోర్టుల్లోనూ అచ్చవుతుంది, విశ్వవిద్యాలయం జాబితాలో మాత్రం ఒక్కటిగానే ఉంటుంది. ఇంతే మార్పు. ప్రోగ్రాము మార్చడానికి రెండు రోజులు పట్టింది. మిగతా రోజులన్నీ ఎవరి పేపరులో ఎవరున్నారో సరిచూడటానికే.

ఆ గదిలో నేను చూసింది మీకు ఏ కోర్సులోనూ చెప్పరు. మేడమ్ చువా ఒక్కొక్క అధ్యాపకుడికీ ఫోన్ చేసేది. మీ రిపోర్టులో ఏం తప్పుందని అడిగితే చిన్నవాళ్ళు ఏమీ లేదనే అంటారని ఆవిడకి తెలుసు. అందుకని "ఈ పేపరులో మీతోపాటు ఎవరు పనిచేశారు?" అని అడిగేది. తమ గురించి నోరు మెదపనివాళ్ళు పక్కవాళ్ళ గురించి గబగబా చెప్పేవారు. అలా ఒకరి మాట వల్ల ఇంకొకరి పేరు బయటికి వచ్చింది. ప్రొఫెసర్ ఓంగ్ ఫోన్‌లో చెప్పనన్నాడు. తానే కిందికి దిగొచ్చి, మేడమ్ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కో పేపరులో ఫర్జానా ఏం చేసిందో, తాను ఏం చేయలేదో విడదీసి చెప్పాడు. తాను చేయనిది చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

ఫర్జానా కొత్త రిపోర్టు మూడు పేజీలొచ్చింది.

ఆఖరి సంగతి

కమిటీ కూర్చుంది. నిర్ణయం చెప్పడానికి పది రోజులు తీసుకుంది. ఆ పది రోజులూ ఫర్జానా క్యాంటీన్‌కి రాలేదు, నేనూ ఆమె ఉండే అంతస్తుకి వెళ్ళలేదు.

ఉత్తరాలొచ్చిన రోజు నేను ఏదో సంతకం కోసం మేడమ్ చువా గదికి వెళ్తున్నాను. ఓరగా వేసి ఉన్న తలుపు అద్దంలోంచి ఫర్జానా కనబడింది, బల్ల ముందు నిలబడి. మట్టి అంటిన బూట్లు ఇంకా విప్పలేదు. కవరు చింపి మొదటి వరస చదివింది, అక్కడే ఆగి కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. అది ఏ ఏడుపో నాకు తెలియలేదు. చెయ్యి తలుపు పిడి మీదే ఉండిపోయింది.

మేడమ్ చువా ఆమె చేతిలోంచి కాగితం తీసుకుంది, తడి పడకుండా. రెండు పేజీలూ చివరిదాకా చదివింది.

"మూడేళ్ళు," అంది. "పిల్లల పాస్‌ల సంగతి నాలుగో పేరాలో ఉంది, అదీ సరిగ్గానే ఉంది. ముందు సంతకం పెట్టు. తర్వాత ఏడువు."

"ఆంటీ," అంది ఫర్జానా. పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

ఆమె స్వీటు పొట్లంతో నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, నీవల్లే అన్నా అందని చాలామందికి చెప్పాను. రాలేదు. రావాల్సిన పనీ లేదు. నేను తలుపు తెరవకుండా వెనక్కి తిరిగాను. తిరిగేముందు చూసింది మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను. మేడమ్ చువా ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని సిరా ఆరిందో లేదో చూసుకుంది. మడిచి కవర్లో పెట్టింది. సొరుగులో పెట్టి తాళం వేసింది. అప్పుడు తన కుర్చీ బల్ల ఇవతలికి లాక్కొచ్చుకుని, ఫర్జానా పక్కన కూర్చుంది.